ఇంటికెప్పుడు పోదాం?

సెలవులు అనే మాట వినగానే విద్యార్థుల ముఖాలు వికసిస్తాయి. పుస్తకాల సంచి మూలకు చేరుతుంది. హాస్టలులో పెట్టెలు సర్దుకుంటారు. బస్టాండులో ఆదోని, నంద్యాల, ఆత్మకూరు బోర్డుల కోసం కళ్ళు వెదకుతాయి. సెలవంటే ఇంటికి పోవడం, ఇల్లంటే సెలవులకు పోయే చోటు. ఈ రెండు మాటలు ఇంత సులభంగా ఒకదానితో ఒకటి కలిసి ఉండడం ఎంత అదృష్టమో, అవి విడిపోయిన చోట కాపురం చేసిన వారికి గాని తెలియదు. మేము ఆరేళ్ళు అట్టి చోట కాపురం చేశాము. మన కళాశాల విద్యార్థులలో గల్ఫు దేశాలలో తండ్రియో, అన్నయో, మేనమామయో ఉన్నవారు చాలామందే ఉన్నారు. రేపు తామే ఆ దారి పట్టబోయేవారూ ఉన్నారు. వారికి పనికివస్తుందేమో అన్న ఆశతో మా అనుభవంలో కొంత ఇక్కడ వ్రాస్తున్నాము.

మేము శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. పూర్తి చేసిన మరుసటి సంవత్సరమే, అంటే 2009లో, మా వివాహం జరిగింది. మావారు అప్పటికే సౌదీ అరేబియాలోని జెద్దా నగరంలో ఒక నిర్మాణ సంస్థలో లెక్కలు చూచేవారు. 2010లో అమ్మాయి కర్నూలులో పుట్టింది. కుటుంబ వీసా దొరికి 2012 ఆరంభంలో మేము బయలుదేరాము. అబ్బాయి 2013లో అక్కడే పుట్టాడు. వాని పాస్‌పోర్టులో ఒక పంక్తిలో పౌరసత్వం భారతదేశమని, మరొక పంక్తిలో జన్మస్థలం జెద్దా అని ఉంటుంది. ఆ రెండు పంక్తుల మధ్య ఎంత దూరం ఉన్నదో అప్పుడు మాకు కనిపించలేదు.

అక్కడ నివసించే విదేశీయునికి ఇకామా అనే గుర్తింపు కార్డు ప్రాణంతో సమానం. భర్త మీద ఆధారపడి వచ్చిన భార్య కార్డు మీద పని చేయుటకు అనుమతి లేదని అప్పట్లో ఉండేది. నన్నయ నుండి నేటి నవల వరకు చదివి పట్టా పుచ్చుకున్న మేము ఆ మాట తెలిసి మొదట చిన్నబుచ్చుకున్నాము. తరువాత నవ్వుకున్నాము. ఆ తరువాత పిల్లలకు వండి పెట్టడంలో పడి మరచిపోయాము.

మా నివాసం ఒక పాత భవనంలో మూడవ అంతస్తున రెండు గదులు. ఒక ప్రక్క కేరళ కుటుంబం, మరొక ప్రక్క ఈజిప్టు కుటుంబం. ఎర్ర సముద్రం మీది నుండి వచ్చే ఉక్క వలన సంవత్సరంలో ఎక్కువ నెలలు కిటికీలు మూసి, ఏ.సి. వేసుకొని ఉండవలసిందే. పిల్లలకు ఆటస్థలం మేడమెట్ల ముందరి నడవ. అక్కడ మళయాళం, అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు కలిసి ఒక వింత భాష పుట్టింది. మా అమ్మాయి ఆటలో ఓడితే "ఖలాస్" అనేది, గెలిస్తే "యల్లా" అనేది. ఇంటిలో మా భాష దక్కనీ ఉర్దూ. బడిలో ఇంగ్లీషు, హిందీ. తెలుగుకు మాత్రం ఎక్కడా చోటు లేదు, మా నోటిలో తప్ప.

వారాంతపు సెలవు మొదట గురు, శుక్రవారాలు ఉండేది. 2013 జూన్ నుండి శుక్ర, శనివారాలకు మారింది. శుక్రవారం సాయంకాలం సముద్రతీరంలో చాప పరచుకొని, ఫ్లాస్కులో చాయ్, డబ్బాలో పలావు పెట్టుకొని కూర్చునేవారము. ఫహద్ రాజు పేరిట ఉన్న నీటిచిమ్మెర సముద్రజలాన్ని 250 మీటర్లకు పైగా ఆకాశంలోకి ఎగజిమ్ముతుంటే పిల్లలు ప్రతి వారమూ మొదటిసారి చూచినట్లే చూచేవారు. కొన్ని సాయంకాలాలు బలద్ అనే పాతపట్టణానికి పోయేవారము. పగడపు రాళ్ళతో కట్టిన ఎత్తయిన ఇళ్ళు, వాటికి వ్రేలాడే చెక్క జాలీల కిటికీలు అక్కడి విశేషం. 2014లో ఆ పేటను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చింది. ఎనభై కిలోమీటర్ల దూరాన మక్కా ఉన్నది కనుక, ఇక్కడివారు జన్మకొక్కసారి చేయగలిగితే చాలునని కలలు కనే ఉమ్రాను మేము పిల్లలను చంకనెత్తుకొని పలుమార్లు చేయగలిగాము. ఇవన్నీ ఆ దేశం మాకిచ్చిన భాగ్యాలు. కృతజ్ఞత లేకుండా వ్రాయడం తగదు.

మా నాన్నగారు కర్నూలులో పురపాలక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులుగా పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఐదు పూటల నమాజు ఎంత నిష్ఠగా చేసేవారో, పద్యం అంత నిష్ఠగా చదివేవారు. "ఉమర్ అలీషా గారు ఏ భాషలో వ్రాశారమ్మా? ఆ భాష మనది కాకుండా ఎట్లా పోతుంది?" అని మమ్ములను తెలుగు ఎం.ఏ.కు పంపినది ఆయనే. పిల్లలు ఉర్దూ వాడుక ప్రకారం తాతను "నానా" అని పిలిచేవారు. "చూచితివా అమ్మా, వీళ్ళు నన్ను ఒక్క వత్తు తగ్గించి నాన్నను చేసినారు" అని ఫోనులో నవ్వేవారు. ఆ నవ్వు మాకు అర్థమయ్యేది. పిల్లలకు అర్థమయ్యేది కాదు.

ఫోనులో ముఖాలు చూచుకొని మాట్లాడే సౌకర్యం వచ్చిన తరువాత కూడా ఆయన ఉత్తరాలు మానలేదు. నెలకొకటి, విమాన టపా కవరులో, మావారి సంస్థ తపాలా పెట్టె సంఖ్యకు వచ్చేది. లోపల రెండు కాగితాలు. ఒకటి మాకు. రెండవది అమ్మాయికి, బలపంతో దిద్దించేంత పెద్ద అక్షరాలతో. అమ్మాయి ఆ కాగితాన్ని చూచి "నానా బొమ్మలు వేసినాడు" అనేది. మేము వంటపని నడుమ ఒకసారి గబగబా చదివి వినిపించి, బిస్కట్ల డబ్బాలో దాచేవారము. తీరిక చూచుకొని అక్షరాలు నేర్పాలనుకున్నాము. ఆదివారం నుండి గురువారం వరకు బడి, ట్యూషను, హోంవర్కు. శుక్రవారం సముద్రం. ఆ తీరిక ఆరేళ్ళలో రాలేదు. తెలుగు పట్టా గోడమీద ఉన్నది, తెలుగు ఉత్తరం డబ్బాలో ఉన్నది, నడుమ పిల్ల నిలబడి ఉన్నది. ఈ మాట వ్రాయడానికి నేటికీ సిగ్గుగా ఉన్నది.

మావారికి రెండేళ్ళకొకసారి దీర్ఘమైన సెలవు. 2014 వేసవిలో మొదటిసారి స్వస్థలానికి వచ్చాము. గల్ఫు కాపురం చేసినవారికి ఆ ప్రయాణపు సన్నాహం చెప్పనవసరం లేదు. ఆరు నెలల ముందు నుండి ఖర్జూరాలు, కంబళ్ళు, పాలపొడి డబ్బాలు, చిన్నమ్మ కూతురికి సెంటు, మేనత్త కొడుక్కి గడియారం. ఇంటిలోనే త్రాసు పెట్టి పెట్టెలు తూచడం, ఒక కిలో ఎక్కువైతే ఎవరి బహుమానం తీసివేయాలో తెలియక భార్యాభర్తలు వాదులాడుకోవడం. వచ్చిన తరువాత నలభై రోజులలో ముప్పై ఇళ్ళకు పోయి హాజరు వేయించుకున్నాము. ఒక ఇంటికి పోకపోతే ఆ ఇంటివారు పదేళ్ళు తలచుకుంటారు. పిల్లలకు నీళ్ళు మారి జ్వరాలు వచ్చాయి. తిరిగి విమానం ఎక్కే రోజున, ఇల్లు చూచి వచ్చామా, బంధువుల జాబితా చూచి వచ్చామా అని మాకే సందేహం కలిగింది. మా నాన్నగారితో తీరికగా కూర్చున్న సాయంకాలాలు లెక్కిస్తే నాలుగు మించలేదు.

2016లో రావలసిన దీర్ఘ సెలవు సంస్థలో పని ఒత్తిడి వలన మరుసటి సంవత్సరానికి వాయిదా పడింది. రంజాన్ పండుగ జూలై 6వ తేదీన వచ్చింది. పండుగ పేరిట పది దినాలు సెలవు దొరికింది. పది దినాల కోసం నలుగురము కర్నూలు వచ్చి పోవడమా, లేక ఆ దేశంలోనే చల్లని ప్రదేశం ఏదైనా చూడడమా అన్న ప్రశ్న వచ్చింది. పండుగ రోజుల విమాన చార్జీలు చూచి మావారు కాగితం మీద లెక్క వేశారు. లెక్కలో తప్పు లేదు. మేము నాన్నగారికి ఫోను చేసి, ఈ ఏడు రాలేకపోతున్నామని చెప్పాము. "మంచిదే అమ్మా, పిల్లలు నాలుగు ఊళ్ళు చూడవలసినదే కదా" అన్నారు. మరొక్క మాట అనలేదు.

ప్రక్కింటి కేరళవారు, మేము రెండు కార్లలో బయలుదేరాము. అరఫాత్ మైదానం దాటిన తరువాత హదా కనుమ మొదలవుతుంది. మలుపు మలుపుకు ఎడారి క్రిందికి జారిపోతుంది, గాలి చల్లబడుతుంది. దారి ప్రక్కన కోతుల గుంపులు కూర్చొని, కార్లను ఆపి సుంకం వసూలు చేసే అధికారులవలె చూస్తాయి. మా అబ్బాయి చేతిలోని అరటిపండు ఒక కోతికి సమర్పితమైంది. కొండపైన తాయిఫ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గులాబీ అత్తరు లోకప్రసిద్ధం. కాని గులాబీలు పూచేది వసంతంలో, మేము పోయినది జూలైలో. పూలు లేవుగాని బజారులో బర్షూమీ అని ఒక పండు గుట్టలు పోసి అమ్ముతున్నారు. చూస్తే అది మన నాగజెముడు పండే. చిన్నతనంలో చేల గట్ల వెంట తిరిగి, ముళ్ళు గుచ్చుకుంటూ తిని, నాలుక ఎర్రచేసుకున్న పండును అక్కడ చేతితొడుగులు వేసుకొని ఒలిచి, పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. మేము కన్నీళ్ళు వచ్చేటట్లు నవ్వాము. పిల్లలకు ఆ నవ్వు కూడా అర్థం కాలేదు.

తాయిఫ్ నుండి సరవాత్ పర్వతశ్రేణి వెంట, అల్‌బాహా మీదుగా, అబహా చేరాము. అబహా దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ పైన సౌదా శిఖరం వద్ద ఎత్తు సుమారు 3,000 మీటర్లు. దేశమంతా నిప్పులు చెరిగే వేసవిలో ఆ కొండల మీద మంచు పొగవలె మేఘాలు దిగి వస్తాయి. వాన కూడా కురుస్తుంది. మేము సౌదా చేరేసరికి దేవదారువంటి చెట్ల నడుమ తెల్లని మబ్బు కమ్మి, ముందు కారు వెనుక దీపాలు తప్ప మరేమీ కనిపించలేదు. కారు ఆపి దిగాము. అమ్మాయి రెండు చేతులు చాచి, చలికి భుజాలు ముడుచుకొని, ఆశ్చర్యంతో అడిగింది: "అమ్మీ, బయట కూడా ఏ.సి. వేసినారా?"

అందరమూ నవ్వాము. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. జెద్దాలో వాన అంటే ఏడాదికి ఏ రెండు మూడు దినాలో. వచ్చిందంటే వీధులు మునిగిపోతాయని భయమే గాని ఆనందం లేదు. ఇక్కడ పిల్లలు వానలో పరుగెత్తారు. ఎవరూ వద్దనలేదు. మావారు, మేము, కేరళ దంపతులు, అందరమూ తడిశాము. మా కాపురంలో అంతటి నిండు సంతోషం గల దినాలు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చు. తప్పు చేశామని అప్పుడు అనిపించలేదు. ఇప్పటికీ ఆ పదిదినాలు తప్పని మేము అనము.

తిరిగి వచ్చేసరికి నాన్నగారి ఉత్తరం వచ్చి ఉన్నది. అమ్మాయి కాగితంలో ఇట్లా ఉన్నది: "పెరటి వేపచెట్టుకు ఊయల కట్టించినాను. నువ్వు వచ్చే ఏడు ఊగుదువుగాని. అందాక ప్రక్కింటి పిల్లలు ఊగుతారు. నువ్వు పోయిన కొండమీద వాన పడిందా? అక్కడి వాన ఎట్లా ఉంటుందో నాకు రాయి." మేము చదివి వినిపించాము. అమ్మాయి "చెప్తాను" అన్నది. ఆ శుక్రవారం ఫోను సరిగా పలుకలేదు. మరుసటి శుక్రవారానికి బడి సంగతులు వచ్చాయి. ఉత్తరం డబ్బాలోకి పోయింది. ఆయన మళ్ళీ అడుగలేదు.

2017 జూలైలో దీర్ఘ సెలవు దొరికింది. శంషాబాదులో దిగి, సుమారు రెండు వందల కిలోమీటర్లు కారులో ప్రయాణం చేసి, తుంగభద్ర వంతెన దాటుతుంటే మా గొంతు పూడుకొనిపోయింది. పిల్లలు నిద్రపోతున్నారు. కొండారెడ్డి బురుజు చూపిద్దామని లేపితే, అబ్బాయి కళ్ళు తెరచి చూచి, మళ్ళీ మూసుకున్నాడు.

మా పుట్టింటి ముందరిగది గోడమీద, తలకంటె ఎత్తున, ఒక బూడిదరంగు గీత ఉన్నది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి పట్టణాన్ని ముంచినప్పటి నీటిమట్టం అది. నాన్నగారి పుస్తకాలు సగం ఆ నీటిలోనే పోయాయి. ఇంటికి సున్నం వేయించినా ఆ గీతను మాత్రం చెరపనీయలేదు. అదే సంవత్సరం నవంబరులో జెద్దాను కూడా వరద ముంచి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. నాన్నగారు మనుమరాలిని గీత వద్ద నిలబెట్టి, "నువ్వు పుట్టకముందు మన రెండు ఊళ్ళూ మునిగినాయి, రెండూ లేచి నిలబడినాయి" అని చెప్పారు. ‘మన రెండు ఊళ్ళు’ అన్న మాటను మేము అప్పుడు పట్టించుకోలేదు.

నాలుగవ దినం రాత్రి అందరమూ దస్తర్ఖాన్ చుట్టూ కూర్చొని భోజనం చేస్తున్నాము. మా అమ్మ వేడివేడి జొన్నరొట్టె తుంచి నాలుగేళ్ళ మనుమని నోటికి అందిస్తున్నది. వాడు రొట్టె నములుతూ, ఏ దోషమూ ఎరుగని గొంతుతో, మావైపు తిరిగి ఉర్దూలో అడిగాడు: "అమ్మీ, ఇంటికెప్పుడు పోదాం?"

అమ్మ చేయి అక్కడే ఆగిపోయింది. మావారు తలవంచుకున్నారు. మేము "ఇదే మన ఇల్లు కదా నాయనా" అన్నాము. వాడు చుట్టూ చూచి, "ఇది నానా ఇల్లు కదా" అన్నాడు. మేము ఏదో గద్దింపబోతుంటే నాన్నగారు చేయెత్తి వారించారు.

"పిల్లవానిని ఎందుకు తిడతావమ్మా? ఇల్లు ఉన్నవానికే ఇల్లు గుర్తుకు వస్తుంది. వానికి ఒక ఇల్లు ఉన్నది, సంతోషించు. ఇది రెండవ ఇల్లు కావడానికి కాలం పడుతుంది. కాలం మీరు ఇస్తే కదా!"

ఆ మాట తరువాత ఆయన పిల్లలను మమ్ములను అడుగకుండానే తన చేతిలోకి తీసుకున్నారు. ఉదయం ఊయల, సాయంకాలం నదీతీరం. ఒకనాడు కారు మాట్లాడుకొని అందరమూ బెలూం గుహలకు పోయాము. మూడు కిలోమీటర్లకు పైగా భూమిలోపల సాగే ఆ గుహలలో పిల్లలు కేకలు వేసి ప్రతిధ్వనులు విని ఆనందించారు. దారి పొడవునా దీపాలు ఉన్నా నాన్నగారు ప్రతి మెట్టు దగ్గర పాదంతో తడుముకోవడం మేము చూచాము. వయస్సు వలన కాబోలు అనుకున్నాము. రెండవ రోజుకు మరచిపోయాము. సెలవులకు వచ్చినవారి కంటికి అన్నీ కనిపిస్తాయి, ఏదీ నిలువదు.

ఆ జూలై నెలలోనే సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబసభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము విధించింది. ఏటేటా జూలైలో అది వందేసి పెరిగి 2020 నాటికి 400 కావాలని నిర్ణయం. ఏ దేశపు ఆర్థిక విధానం ఆ దేశానికి ఉంటుంది. దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మా ఇంటి లెక్క మాత్రం ఇది: భార్య, ఇద్దరు పిల్లలు కలిసి ముగ్గురు. మొదటి సంవత్సరం 3,600 రియాళ్ళు, రెండవ సంవత్సరం 7,200, మూడవ సంవత్సరం 10,800, నాలుగవ సంవత్సరం 14,400. ఈ మొత్తం ఇకామా పొడిగింపు సమయంలో ముందుగానే చెల్లించాలి. అద్దె, బడి ఫీజు, ఊరికి పంపే సొమ్ము పోగా మావారి జీతంలో ఆ భారం మోయడానికి చోటు లేదు. మా భవనంలోనే ఒక్క సంవత్సరంలో ఐదు కుటుంబాలు ఖాళీ చేశాయి. పురుషులు నలుగురైదుగురు కలిసి ఒక గది తీసుకున్నారు. ఆడవారు, పిల్లలు తుది నిష్క్రమణ వీసాతో విమానాలెక్కారు.

మేము 2018 మే నెలలో తిరిగి వచ్చాము. మావారు అక్కడే ఉండిపోయారు. బయలుదేరే రోజున ప్రక్కింటి కేరళ పాప మా అమ్మాయికి సముద్రతీరంలో ఇద్దరూ ఏరుకున్న గవ్వలను ఒక సీసాలో పోసి ఇచ్చింది. ఇద్దరూ ఏడువలేదు. మాకే ఏడుపు వచ్చింది. విమానంలో మేము ఆరేళ్ళ ప్రవాసం ముగిసిందని అనుకుంటున్నాము. ప్రక్క సీటులో గవ్వల సీసా ఒడిలో పెట్టుకొని కూర్చున్న పిల్లకు అప్పుడే ప్రవాసం మొదలైందని మాకు తట్టలేదు.

2019 వేసవిలో ఆ సంగతి తట్టింది. కర్నూలు బడిలో మొదటి సంవత్సరం ముగించిన అబ్బాయి, సెలవు ఇచ్చిన రోజు పరుగున వచ్చి పుస్తకాల సంచి విసిరివేసి, "సెలవులు వచ్చినాయి కదా అమ్మీ, ఇంటికి పోదామా?" అన్నాడు. వాడు అడిగినది జెద్దా సంగతి. మూడవ అంతస్తు, నడవ, శుక్రవారపు సముద్రం, అన్నిటికంటె మిక్కిలి, అక్కడే ఉండిపోయిన తండ్రి. మేము జెద్దాలో కూర్చొని కర్నూలు కోసం పడిన తపనకు, వాడు కర్నూలులో కూర్చొని జెద్దా కోసం పడే తపనకు భేదమేమున్నది? మేము కావాలంటే రెండేళ్ళకొకసారి మా ఊరు రాగలిగాము. వాడు పుట్టిన ఊరికి పోవాలంటే వానికి ఏ హక్కూ లేదు. వాని దుఃఖం మా దుఃఖం కంటె పెద్దదని మొదటిసారి ఒప్పుకున్నాము. ఆనాడు "ఇదే మన ఇల్లు" అని గద్దింపబోయిన నోటితో ఈసారి ఏమీ అనలేదు. వానిని దగ్గరకు తీసుకొని, ఆ నడవలో ఎన్ని తలుపులుండేవో చెప్పమన్నాము. వాడు లెక్క తప్పకుండా చెప్పాడు.

ఇప్పుడు సెలవులకు వచ్చేది మావారు. ఏడాదికి ముప్పై దినాలు. 2020 మార్చిలో విమానాలు నిలిచిపోయి ఆ ఏడంతా అవి కూడా లేకపోయినాయి. వచ్చినప్పుడు మొదటి నాలుగు దినాలు పిల్లలు తండ్రిని అతిథిని చూచినట్లు చూస్తారు. పదవ దినానికి చేరువవుతారు. ఇరవయ్యవ దినం నుండి మావారు తేదీలు చూచుకుంటారు. ఆయన ఇంటికి వచ్చి పోతున్నారా, ఇంటి నుండి వచ్చి ఇంటికే పోతున్నారా అని మేము అడుగము. ఆయన చెప్పరు.

విద్యార్థులారా! విదేశాలకు పోవద్దని చెప్పడానికి ఇది వ్రాయలేదు. పొట్టకూటి కోసం, పైచదువుల కోసం పోవలసినవారు పోవలసిందే. ఆ సొమ్ముతో ఇక్కడ ఎన్నో ఇళ్ళు నిలిచాయి, ఎందరో ఆడపిల్లలు చదువుకున్నారు. కాని పెళ్ళాం బిడ్డలతో పోయిన తరువాత రెండు పనులు మాత్రం వాయిదా వేయకండి. పిల్లలు పెరుగుతున్న ఊరిని పరాయి ఊరని వారి ఎదుట అనకండి. అది మీకు మజిలీ, వారికి బాల్యం. రెండవది, తాత మాట్లాడే భాషను మనుమలకు అక్కడే నేర్పండి. సెలవు దొరకకపోవచ్చు, టిక్కెట్టు అందకపోవచ్చు. అక్షరాలు నేర్పడానికి వీసా అక్కరలేదు. మాకు పట్టా ఉండి కూడా ఆ పని చేయలేదు కనుక ఈ మాట చెప్పే అర్హత లేదంటారేమో. చేయనివారికే దాని ఖరీదు తెలుస్తుంది.

ఆ ఖరీదు ఏమిటో చెప్పి ముగిస్తాము. మేము తిరిగి వచ్చేసరికి నాన్నగారి చూపు బాగా తగ్గి ఉన్నది. నీటికాసులు అన్నారు వైద్యులు. మిగిలిన చూపును మందులతో కొన్నాళ్ళు నిలుపవచ్చునుగాని పోయినది తిరిగి రాదన్నారు. బెలూం మెట్ల మీద తడుముకున్న పాదం అప్పుడు మాకు గుర్తుకు వచ్చింది. అమ్మాయి బడిలో ఓనమాలతో మొదలుపెట్టి, తనకంటె చిన్నపిల్లల సరసన కూర్చొని, ఒక సంవత్సరంలో కూడబలుక్కొని చదవడం నేర్చుకున్నది. 2019 వేసవిలో ఒక మధ్యాహ్నం అది బిస్కట్ల డబ్బా తీసుకొని పోయి తాత మంచం ప్రక్కన కూర్చున్నది. తాను వ్రాసిన అక్షరాలను ఇక చదవలేని తాతకు, అవి ఎవరికోసం వ్రాయబడ్డాయో ఆ పిల్ల, ఆరేళ్ళ ఉత్తరాలు ఒక్కొక్కటిగా చదివి వినిపించింది. తప్పు చదివినచోట ఆయన కళ్ళు మూసుకొనే దిద్దారు.

ఊయల ఉత్తరం వచ్చినప్పుడు అది ఆగింది. లోపలికి పోయి నోటుపుస్తకంలో నుండి ఒక కాగితం చింపుకొని వచ్చి, నేలమీద బోర్లా పడుకొని అరగంటసేపు వ్రాసింది. తరువాత లేచి నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్లు చదివింది: "నానాకు సలాం. కొండ మీద వాన పడింది. చల్లగా ఉండింది. బయట ఏ.సి. వేసినట్లు ఉండింది. నాకు అప్పుడు రాయడం రాదు."

నాన్నగారు కాగితం చేతికి తీసుకున్నారు. అక్షరాల మీద వ్రేలు పెట్టి చాలాసేపు నిమిరారు. "జవాబు వచ్చింది" అని మాత్రం అన్నారు.

నేడు అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతున్నది. ఉదయం చాయ్ త్రాగే వేళ తాతకు తెలుగు పత్రిక చదివి వినిపించడం దాని పని. అబ్బాయి ప్రక్కన కూర్చొని వింటాడు. గవ్వల సీసా ముందరిగదిలో, వరదగీత క్రింద ఉన్న అలమారలో ఉన్నది. దానిని అక్కడ పెట్టించినది నాన్నగారే.